పోలో, పద్మిని, ఇప్పుడు పాప

చిరంజీవి కిరణ్‌కి మావయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. గుంటూరులో స్వాతి, పాప బాగున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పాపకి ముక్కు నీదే వచ్చిందట, పాపం.

నీ మెసేజ్ చూశాను. "పోలో, పాత ప్రీమియర్ పద్మిని రెండు కార్లూ అమ్మేసి ఏదైనా ఫ్యామిలీ బండి కొనుక్కోమని అందరూ పోరుతున్నారు, ఏం చేయమంటావ్ మావయ్యా" అని అడిగావు. ఫోన్లో చెబితే మీ అత్తయ్య మధ్యలో దూరి మాట ఎటో తీసుకెళ్తుంది. అందుకే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. పాప మొదటి పుట్టినరోజు దాకా ఏదీ అమ్మకు. ఆటోనగర్‌లో ఇన్నేళ్లు మెకానిక్ షెడ్డు నడిపినవాణ్ణి. పిల్లలు పుట్టగానే ఇష్టపడి చేయించుకున్న బండిని అడిగినవాడికి అడిగిన ధరకి ఇచ్చేసి, ఆ పిల్లలు బడికెళ్లే వేళకి మళ్లీ అదే మోడల్ కోసం ఊళ్లు పట్టుకు తిరిగినవాళ్లని చాలామందినే చూశాను. అందులోనూ పద్మిని తయారీ ఆగి పాతికేళ్లవుతోంది. ఒకసారి చెయ్యి జారితే అంత నికరమైన బాడీ ఉన్నది మళ్లీ దొరకదు.

అమ్మొద్దన్నానని ఇప్పటిలాగే నడపమని కాదు. ఈ ఏడాది పోలో పాప బండి. పద్మిని పడుకుంటుంది. ఈ రెండూ సరిగ్గా చెయ్యి, మూడో బండి మాట ఆ తర్వాత ఆలోచిద్దాం.

పోలో ఎత్తు తగ్గించడానికి నువ్వు వేయించిన లోయరింగ్ స్ప్రింగులు విప్పించి, కంపెనీవి మళ్లీ ఎక్కించు. అటక మీద దాచావని తెలుసు. స్వాతికి ఆపరేషన్ అయింది కదా, అంత కిందకి వంగి కూర్చోవడం, మళ్లీ పైకి లేవడం కుట్లున్న మనిషికి నరకం. సీటు బెల్టు వల్ల కుట్లకి నొప్పి అంటే బెల్టు మానేయమనకు. నడుము పట్టీని కుట్లకి కిందగా, తుంటి ఎముకల మీదకి లాగి, మధ్యలో మెత్తటి తువ్వాలు మడిచి పెట్టమను. ఎన్నాళ్లు ప్రయాణాలు తగ్గించాలో డాక్టరమ్మ చెప్పిందే లెక్క, నేను చెప్పేది కాదు.

స్పీడ్ బ్రేకర్ల సంగతి మాత్రం నేను చెప్పేదే. నువ్వు గట్టు ఎక్కేదాకా బ్రేకు తొక్కే ఉంచుతావు, నీ పక్కన కూర్చున్నప్పుడు గమనించాను. బ్రేకు మీద ఉన్నంతసేపూ బండి ముందుకి వంగి, ముందు స్ప్రింగులు అప్పటికే సగం నొక్కుకుని ఉంటాయి. ఆ స్థితిలో గట్టు తగిలితే మింగడానికి స్ప్రింగులో చోటుండదు, దెబ్బంతా బాడీకి, అక్కణ్ణించి సీట్లో ఉన్నవాళ్లకి పోతుంది. కాబట్టి వేగమంతా ముందే తగ్గించుకుని, చక్రం గట్టుని తాకే ముందు బ్రేకు వదిలెయ్యి. ముందు చక్రాలు దిగాయి కదా అని వెంటనే యాక్సిలరేటర్ తొక్కకు. వెనక సీటువాళ్లు ఎగిరిపడేది సరిగ్గా అక్కడే. వెనక చక్రాలు కూడా దిగాక తొక్కు. పాప, స్వాతి ఇద్దరూ ఉండేది వెనక సీట్లోనే. ఇంతకాలం లాప్ టైము, అంటే ఒక్కో చుట్టు ఎంతలో తిప్పానా అని, చూసుకున్నావు, ఇప్పుడు ఇది సాధన చెయ్యి. చెప్పినంత తేలిక కాదు.

సైలెన్సర్ కూడా పాతది బిగించు. మీ సెల్లారులో పొద్దున్నే ఆ బండి స్టార్ట్ చేస్తే మూడో అంతస్తులో నాకే మెలకువ వచ్చింది. పసిపిల్లలు మామూలు చప్పుడుకే రెండు చేతులూ చాచి ఉలిక్కిపడతారు. చట్టం సంగతి కూడా తెలుసుకో. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు, జైలు కూడా రాసి ఉంది. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించడం టీవీలో చూసే ఉంటావు. వాటి ధర తెలిసినవాడివి కాబట్టి నాకంటే నీకే కడుపు మండాలి.

ఇక అసలు గొడవ. పాపకి కారు సీటు.

ఇందులో నువ్వు పోట్లాడాల్సింది పోలీసులతో కాదు, మీ అత్తగారితో. "నా ఒళ్లో కంటే ఆ ప్లాస్టిక్ బుట్టలో భద్రంగా ఉంటుందా బాబూ" అంటుంది. మీ అమ్మ కూడా ఆమె పక్షమే చేరుతుంది, రాసిపెట్టుకో. మిమ్మల్నందరినీ ఒడిలో పెట్టుకునే తిప్పాం కదా అంటుంది. నిజమే, తిప్పాం. అప్పటి రోడ్ల మీద మా పద్మిని 60 దాటితే అదే గొప్ప. ఇప్పుడు మీ హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద 120కి అనుమతి ఇచ్చారు, పక్కన పోయే వాళ్లు దాన్నీ లెక్క చేయరు. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకున్నా 4 కిలోల పిల్ల ఆ క్షణంలో 100 కిలోలు పైబడి తూగుతుంది. ఏ అమ్మమ్మ చేతులూ అది ఆపలేవు, పహిల్వాన్ చేతులైనా ఆపలేవు. ఈ లెక్క మీ అత్తగారికి చెప్పకు, ఊరికే భయపెట్టినట్టవుతుంది. సీటు కొని తెచ్చి ఇంట్లో నట్టింట పెట్టు. పాపని అందులో కాసేపు కూర్చోబెట్టే పని, పట్టీలు బిగించే పని ఆమెకే నేర్పించు. "అత్తయ్యగారూ, మీరు బిగిస్తేనే గట్టిగా ఉంటుంది" అను. తన చేత్తో బిగించినదాన్ని ఆమె ఇంక కాదనదు. బండి ఎక్కాక పాప పక్కన కూర్చునే హక్కు కూడా ఆమెకే ఇవ్వు, ఒడి లేని లోటు కొంత తీరుతుంది.

కొనేటప్పుడు సీటు మీద అంటించిన చీటీ చూడు. పిల్లల సీట్ల భద్రతా ప్రమాణాలైన ఆర్44 గానీ ఆర్129 గానీ, మన దేశపు ఏఐఎస్-072 గానీ దాని మీద ఉండాలి. పుట్టిన పిల్లలకి పనికొచ్చే రకం కావాలి, అంటే పాప మొహం బండి వెనక అద్దం వైపు ఉండేలా బిగించేది. ఆర్129 లెక్క ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా అలాగే ఉంచాలి. మెడ బలంగా లేని వయసు కదా, ఎదురుగా గుద్దుకుంటే తల, వీపు మొత్తం సీటు చిప్ప ఆపుతుంది. పోలో వెనక సీటు కుషన్ల సందులో చెయ్యి పెట్టి తడుము. పిల్లల సీటు తగిలించడానికి కంపెనీ ఇచ్చే ఐసోఫిక్స్ కొక్కేలు తగిలితే దానికి సరిపడే బేస్ తీసుకో, తగలకపోతే మూడు పాయింట్ల బెల్టుతో బిగించే రకం తీసుకో. ఏదైనా సరే, బిగించాక బెల్టు పోయే చోట పట్టుకుని ఊపితే ఒక అంగుళం కంటే కదలకూడదు.

ముందు సీట్లో మాత్రం పెట్టకు. ఎయిర్‌బ్యాగ్ పేలితే వెనక్కి తిప్పిన సీటు వీపుకే కొడుతుంది, అంటే పాప తలకే.

సెకండ్ హ్యాండ్ సామాను ఏరడంలో నువ్వు దిట్టవని నాకు తెలుసు. నీ పద్మిని మీటర్ ఎక్కడ పట్టావో ఇప్పటికీ చెప్పలేదు. ఇది మాత్రం కొత్తదే కొను. ఒకసారి యాక్సిడెంట్ అయిన సీటు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ప్లాస్టిక్ విరిగి ఉండొచ్చు. నీ పోలోకి వేసిన అల్లాయ్ వీల్ ఒక్కదాని ఖరీదుకి పనికొచ్చే సీటు వస్తుంది.

పట్టీలు పాప భుజాల ఎత్తులో గానీ కాస్త కిందగా గానీ బయటికి రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ల మధ్య నలిపి చూడు, మడత చేతికి దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే. పొత్తిగుడ్డల్లో మూటకట్టి ఆ మూటకి పట్టీ బిగించకండి. పల్చటి నూలు చొక్కా వేసి, పట్టీ బిగించి, చలనిపిస్తే పైన గుడ్డ కప్పండి. గడ్డం వచ్చి ఛాతీకి ఆనుకుంటే ఊపిరి సరిగా ఆడదు, పక్కన కూర్చున్న మనిషి అది చూస్తుండాలి. పాలు పట్టాలంటే బండి ఆపాల్సిందే. నడుస్తున్న బండిలో పట్టీ విప్పి ఒళ్లోకి తీసుకునే అలవాటు మొదలైతే ఇంక సీటు కొన్నా ఒకటే, కొనకపోయినా ఒకటే. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే 1,000 రూపాయల జరిమానా అని చట్టంలో 194బి కింద ఉంది. ఎవరూ వేయరనుకో. ఉందని మాత్రం మీ అమ్మకి చెప్పు, ఆమెకి చట్టమంటే గౌరవం.

పాపని ఇంకా మీ ఇంటికి తీసుకురాలేదు. మూడో నెలలో పంపిస్తామన్నారట, అంటే మే చివర, రోహిణి కార్తె. గుంటూరు నుంచి హైదరాబాదు నీకు ఐదు గంటల దారి కావచ్చు, పాపతో అయితే ఏడు గంటలనుకో. ముహూర్తం పెట్టించేటప్పుడే పంతులుగారికి మీ మావగారి చేత చెప్పించు, తెల్లవారుజామున కావాలని. వర్జ్యం, రాహుకాలం పోగా పగలు పదకొండింటికి బాగుందని ఆయన తేల్చాక ఇంక ఎవరూ మార్చనివ్వరు. నాలుగున్నరకో ఐదింటికో బయలుదేరితే ఎండ ముదిరేలోపు సగం దారి దాటేస్తారు. గంటన్నరకోసారి, మహా అయితే రెండు గంటలకి, బండి ఆపి పాపని సీట్లోంచి తీసి ఎత్తుకోవాలి. నిద్రపోతోంది కదా అని అలాగే లాగించొద్దు. అంత చిన్నపిల్లల్ని ఆ భంగిమలో అదేపనిగా ఉంచకూడదు. నువ్వు ఎక్కడ ఆగాలో ముందే అనుకో, శుభ్రమైన బాత్‌రూమ్, నీడ ఉన్న చోటు చూసుకో. టీ బాగుంటుందని ఆగే చోట్లు వేరు.

బయలుదేరే ముందు నాలుగు తలుపులూ తీసి వేడి గాలి పోనిచ్చి, ఏసీ వేసి చల్లబడ్డాక పాపని ఎక్కించు. అంతకంటే ముందు సీటు బకిల్ మీద నీ ముంజేయి పెట్టి చూడు. ఎండలో నిలబెట్టిన బండిలో ఆ ఇనుప ముక్క వాతలు తేలేలా కాలుతుంది. ఏసీ గాలి నేరుగా మొహానికి తగలకుండా మళ్లించు. కిటికీలకి తీసి పెట్టుకునే జాలీ తెరలు చాలు, నల్ల ఫిల్మ్ జోలికి పోకు. 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి అదో తలనొప్పి. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి తొక్కించుకోనీ, దిష్టి తీయించుకోనీ, అడ్డు చెప్పకు. దిష్టి పూసలు, తాళ్లు మాత్రం పాప నోటికి అందేలా సీటు హ్యాండిల్‌కి వేలాడదీయనివ్వకు.

ఎండలో నిలబెట్టిన బండిలో పాపని "ఒక్క నిమిషం" కూడా వదలకు. బయట 35 డిగ్రీలుంటే అద్దాలెత్తిన బండిలో అరగంటకే 50 దాటుతుంది. మన రోహిణి కార్తెలో బయటే 45. ఆ ఒక్క నిమిషం మందుల షాపులో పావుగంట అవుతుంది, నీకూ తెలుసు నాకూ తెలుసు.

ఇంకోటి, ఇది నీలాంటి వాళ్లకే ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రి రెండింటికి పాప ఏడుపు మానకపోతే కార్లో ఎక్కించి తిప్పితే నిద్రపోతుందని నీ స్నేహితులెవరో చెప్పే ఉంటారు. నిజమే, నిద్రపోతుంది. కానీ ఆ వేళకి నీకూ నిద్ర ఉండదు, బండి నడిపేది నువ్వు. పైగా రెండుసార్లు అలా చేస్తే మూడోసారి బండి లేనిదే నిద్రపోదు. సెల్లారులో బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసి, కూర్చుంటే సరిపోతుందని మాత్రం ఎప్పుడూ అనుకోకు. మూసి ఉన్న చోట ఇంజన్ ఆడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. వాసన రాదు, దగ్గు రాదు, మత్తుగా నిద్ర వస్తుంది, అంతే. పాపని నిద్రపుచ్చడానికి ఉయ్యాల ఉంది, నీ భుజం ఉంది.

నిద్ర మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. శుక్రవారం ఆఫీసయ్యాక బయలుదేరి రాత్రికి రాత్రి గుంటూరు, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం, సోమవారం మళ్లీ ఆఫీసు. నీకిది సరదాగానే ఉంటుంది, ఖాళీ రోడ్డు, మంచి పాటలు. అక్కడ ఉన్న రెండు రాత్రులూ నీకు నిద్ర ఉండదని మర్చిపోతున్నావు. తిరుగు ప్రయాణంలో తెల్లవారుజామున కునుకు పట్టేది అందుకే. కిటికీ తీయడం, మొహం కడుక్కోవడం, టీ తాగడం ఇవన్నీ కాసేపే పనిచేస్తాయి. ఈ మూడు నెలలూ రైలెక్కు. గోల్కొండ ఉంది, పల్నాడు ఉంది, తిరుపతి వందే భారత్ కూడా గుంటూరులో ఆగుతుంది. కారు పిచ్చోడికి రైలు టికెట్ కొనుక్కోమని చెబుతున్నానని ఆటోనగర్‌లో తెలిస్తే నా పరువు పోతుంది, అయినా చెబుతున్నా. ఆరు, పది, పద్నాలుగు వారాలకి టీకాలుంటాయి. ఆ వారాల్లో కావాలంటే పగటిపూట కారు తీసుకెళ్లు, ఆసుపత్రికి నువ్వే తిప్పొచ్చు.

బండి పని చేసి వచ్చి పాపని ఎత్తుకునే ముందు చేతుల సంగతి చూసుకో. మన షెడ్డులో కుర్రాళ్లు కిరసనాయిలుతోనో పెట్రోలుతోనో గ్రీజు కడిగేసేవాళ్లు, నువ్వూ అదే నేర్చుకున్నావు. ఇప్పుడు వద్దు, ఆ వాసన చర్మంలోంచి పోదు. ముందు కొబ్బరి నూనె పట్టించి రెండు నిమిషాలు రుద్దితే నల్లదంతా వదులవుతుంది. పాత గుడ్డతో తుడిచి, శనగపిండితో రుద్ది, ఆ తర్వాత సబ్బు. గోళ్ల సందులకి పాత టూత్‌బ్రష్. చేతులొక్కటే కాదు, చొక్కా కూడా మార్చాలి. పాప మొహం ఆనించేది చొక్కాకే. బ్యాటరీలు, చక్రాల బ్యాలెన్సింగ్ తూకాలు ముట్టుకున్న రోజు మరీ జాగ్రత్త, వాటిలో సీసం ఉంటుంది. పోలోలో ఆ ఘాటు పర్‌ఫ్యూమ్ డబ్బా కూడా తీసి పారెయ్యి.

ఫొటోలు. పాపని బానెట్ మీద పడుకోబెట్టి ఒకటి, ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించి ఒకటి తీయాలని నీకు ఉంటుంది, లేదనకు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, దుప్పటి వేసి, ఒకరు పట్టుకుని ఉండగా మొదటిది తీసుకో. రెండోది బండి ఆపి, తాళంచెవి బయటికి తీశాకే. కదులుతున్న బండిలో అయితే వద్దు, స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంది.

ఇక పద్మిని. దాంట్లో పాపని ఎక్కించకు. ఇంజన్‌కి పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బురేటర్ ఉన్న పాతకాలపు బండి, లోపల ఎప్పుడూ సన్నగా పెట్రోలు వాసన ఉంటుంది, పాప సీటు బిగించడానికి తగిన బెల్టులూ లేవు. ఏడాది పడుకోబెట్టడమంటే సెల్లారులో ఓ మూలకి తోసి కవరు కప్పడం కాదు. ట్యాంకులో పెట్రోలు మెకానిక్ చేత ఆరుబయట దించేయించు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది, నిలవ ఉంటే తేమని లాక్కుంటుంది, ఆ కాలపు రబ్బరు పైపులకి అది పడదు. కార్బురేటర్ గిన్నెలో చుక్క మిగలకుండా ఇంజన్ దానంతటదే ఆగేదాకా ఆడించు, అది కూడా బయటే. నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక్కో సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిలు పోసి, ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్లీ బిగించు. బ్యాటరీ తీసి పక్కన పెట్టు. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచితే షూలు డ్రమ్ముకి అతుక్కుంటాయి, దించేసి చక్రాలకి ఇటుకలు పెట్టు. నెలకోసారి ఒక అడుగు ముందుకో వెనక్కో తోస్తే టైర్లు ఒకేచోట నొక్కుకుపోవు. కవరు నూలుది కొను, ప్లాస్టిక్‌ది వేస్తే లోపల చెమ్మ పట్టి తుప్పుకి నువ్వే పిలుపు పంపినట్టు. ఎలకలకి ఇంజన్ దగ్గర రెండు పొగాకు కాడలు కట్టు, మన గుంటూరు వైపు దొరికేవే.

ఇదంతా ఒక్క ఆదివారం పని. స్వాతి, పాప రాకముందే ముగించు.

వాళ్లు వచ్చాక ఆదివారం తెల్లవారుజామున మీ గ్యాంగుతో డ్రైవ్‌కి వెళ్లాలంటే స్వాతిని "వెళ్లనా" అని అడగకు. అలా అడిగితే వద్దన్న చెడ్డపేరు ఆమెకి, వెళ్లమంటే ఒంటరి చాకిరీ ఆమెకి. వారంలో ఆమె బయటికెళ్లేందుకో పడుకునేందుకో మూడు గంటలు ముందు కేటాయించి, ఆ మూడు గంటలూ పాలసీసాతో సహా అంతా నువ్వు చూసుకో. ఆ తర్వాత నీ మూడు గంటల మాట ఆమే ఎత్తుతుంది. ఎత్తకపోతే ఇంకో నెల ఆగు. ఆ డ్రైవ్ కూడా ముందురోజు రాత్రి కనీసం ఐదు గంటలు నిద్రపోయిన రోజునే. వాట్సాప్‌లో మీవాళ్లు వెక్కిరిస్తే వెక్కిరించనీ, వాళ్లలో సగంమందికి ఇంకా పెళ్లి కాలేదు.

డబ్బు గురించి ఒక్క మాట. పద్మినికి ఈ ఏడాది పెట్టాలనుకున్నది వేరే ఖాతాలో వెయ్యి, ముట్టుకోకు. పిల్లలున్న ఇంట్లో అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చు చెప్పి రాదు. ఏడాది తర్వాత మిగిలితే అప్పుడు పెయింటు.

కార్బురేటర్ రిపేరు కిట్ ఆటోనగర్‌లో ఒకతని దగ్గర ఉందన్నారు. కార్బురేటర్ పక్కన పోతలోనే వచ్చిన నంబరు ఉంటుంది, మడ్డి పేరుకుని ఉంటే గుడ్డతో తుడిచి ఫొటో తీసి పంపు. సరిపోతే బస్సు పార్సిల్‌లో వేస్తాను. మీ అత్తయ్య స్వాతికి కరివేపాకు కారప్పొడి కూడా ఇస్తానంటోంది, రెండూ ఒకే డబ్బాలో పెట్టనులే.

ఇట్లు,
మీ మావయ్య
విజయవాడ